జబ్బున్న బెదురు కుక్కకి ఇల్లు వెతకడం ఎలా?

రక్షించి తెచ్చిన కుక్కకి వైద్యం చేయించడం వరకు చాలామంది శ్రద్ధగానే చేస్తారు. ఇల్లు వెతికే దగ్గర మాత్రం తొందరపడతారు. జాలిపడి ముందుకొచ్చిన మొదటివాళ్ల చేతుల్లో పెట్టేస్తారు. నాలుగు రోజులకి అది తిరిగొస్తే తప్పు కుక్కమీదకి నెట్టేస్తారు. అలా తిరిగొచ్చిన కుక్క మళ్లీ మనిషి దగ్గరికి రావడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

ముందుగా కావలసినవి

టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), డాక్టర్ కాగితాలు. ఒంటికి సరిగ్గా పట్టే హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ), మెడకి మార్టింగేల్ కాలర్ (గుంజినప్పుడు కొంతవరకే బిగుసుకునే పట్టీ), రెండింటికీ విడివిడిగా తాళ్లు. బెదిరి వెనక్కి గుంజుకుంటే మామూలు కాలర్ తలమీంచి ఊడిపోతుంది. ఫొటోలు పగటి వెలుగులో, కుక్క కళ్ల ఎత్తులో తీయండి. టోపీలు, రిబ్బన్లు అసలు వద్దు. అది తింటూ, నడుస్తూ ఉన్న చిన్న వీడియో ఒకటి ఉంటే ఇంకా మంచిది.

ప్రకటన

జబ్బు సంగతి మొదటి మూడు వాక్యాల్లోనే రావాలి. మూర్ఛకి ఫినోబార్బిటాల్ వాడుతుంటే దాన్ని 12 గంటలకోసారి ఇవ్వాలనీ, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తీవ్రంగా తిరగబెట్టవచ్చనీ, కాలేయం కోసం అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించాలనీ రాయండి. వెనక కాళ్లు చచ్చుబడిన కుక్కకి రోజుకి మూడు నాలుగుసార్లు పొట్ట దగ్గర నొక్కి మూత్రం తీయాల్సి వస్తుంటే అదీ దాచకండి. నెలకి మందుల ఖర్చెంతో అంకెల్లో చెప్పండి. "పాపం" అన్న మాట మాత్రం ప్రకటనలో ఎక్కడా ఉండకూడదు. జాలితో వచ్చినవాళ్ల ఉత్సాహం వారంలో తగ్గిపోతుంది, మందేమో రోజూ వేయాలి.

ఫోన్ చేసినవాళ్లని అడగాల్సింది తక్కువే. ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఊరెళ్తే మందు ఎవరు వేస్తారు? అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా? వాళ్లింట్లో ఇప్పటికే నెమ్మదైన కుక్క ఉంటే నేను వాళ్లకే మొదటి ప్రాధాన్యం ఇస్తాను. బెదురు కుక్క ఇంకో కుక్కని చూసి మనుషుల్ని నమ్మడం నేర్చుకుంటుంది.

మొదటి కలయిక

అంతా చెడేది ఇక్కడే. కుక్క ఇప్పుడు ఎక్కడుంటోందో అక్కడికే వాళ్లని రప్పించండి. ఇద్దరికి మించి వద్దు. దత్తత మేళాలకి బెదురు కుక్కని తీసుకెళ్లడం నాకు ససేమిరా ఇష్టం లేదు. హుషారు కుక్కలకి అవి బాగానే ఉంటాయి. దీనికి ఆ అరుపులు, కొత్త వాసనలు, వరసగా తాకే చేతులు ఒకదానిమీద ఒకటి పేరుకుని, చివరికి ఏ చిన్న కదలికకో కరుస్తుంది. ఇక దాన్ని అందరూ "కరిచే కుక్క" అనే అంటారు.

వచ్చేవాళ్లకి గుమ్మం బయటే చెప్పండి: నేలమీద పక్కకి తిరిగి కూర్చోవాలి, కళ్లలోకి చూడకూడదు, పిలవకూడదు, తలమీదకి చెయ్యి చాపకూడదు. తినుబండారం చేతిలో పెట్టుకుని ఊరించడం అందరూ చేసే పొరపాటు. ఆశకొద్దీ మెడ చాచి దగ్గరికొచ్చిన కుక్క, నోట్లో పడ్డాక గానీ మనిషికి ఎంత దగ్గరగా ఉందో గమనించదు. గమనించగానే హడలిపోతుంది. అందుకే ముక్కని కుక్క వెనక్కి విసరాలి. అది దూరంగా వెళ్లి తిని, ఊపిరి పీల్చుకుని, తనంతట తానే మళ్లీ నాలుగడుగులు ముందుకొస్తుంది.

పెదవులు నాక్కోవడం, ఊరికే ఆవలించడం, తల తిప్పేసుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడటం, తోక కాళ్లమధ్య ముడుచుకోవడం. ఇవి బెదురుకి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా అందరూ రెండడుగులు వెనక్కి జరగాలి. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది కదలకుండా ఉండిపోయిన కుక్కని. ఒళ్లోకి తీసుకుంటే అది బొమ్మలా ఉండిపోతుంది, "ఎంత శాంతంగా ఉందో!" అని మురిసిపోతారు. భయంతో బిగుసుకుపోయిందని ఎవరికీ తట్టదు. ఒళ్లు మెత్తగా ఉందా, నోరు కాస్త తెరిచి ఉందా, ముక్క పడితే తింటోందా చూడండి. తినకపోతే ఆ రోజుకి చాలించండి.

చూపులేని కుక్క దగ్గర తాకేముందు మాట వినిపించాలి. చెవిటి కుక్కకి ఎదురుగానే రావాలి, నిద్రలో ఉంటే ఒక్కసారిగా తాకకూడదు.

ఇరవై నిమిషాలు చాలు. కుక్క కుదురుగా ఉండగానే ముగించండి. ఇలా కనీసం మూడుసార్లు కలవాలి, మూడోది వాళ్లింట్లో. అన్నిసార్లు రాలేమన్నవాళ్లకి నేను కుక్కనివ్వను.

అప్పగింత

ముందు కొన్నాళ్లు చూసుకోమనే షరతుతో ఇవ్వండి, కుదరకపోతే మీకే తిరిగివ్వాలని రాయించుకోండి. అదే తిండి, ఉతకని పాత దుప్పటి, మందుల వేళలు రాసిన కాగితం వెంట పంపండి. తలుపులు వేశాకే తాళ్లు విప్పాలి. మొదట్లో ఒకే గది చాలు. తేరుకోవడానికి మూడు రోజులు, అలవాటు పడటానికి మూడు వారాలు, ఇల్లు తనదనుకోవడానికి మూడు నెలలు అని ఒక అంచనా ఉంది. బెదురు కుక్కకి ఇంకా ఎక్కువే పడుతుందని ముందే చెప్పండి.

మొదటి వారం రోజూ ఫోన్ చేయండి. "మంచం కిందనుంచి రావట్లేదు" అంటే తింటోందా, నీళ్లు తాగుతోందా, మూత్రం పోస్తోందా, మందు లోపలికి వెళ్లిందా అని అడగండి. నాలుగూ సరిగ్గా ఉంటే దాన్ని అక్కడే ఉండనివ్వమనండి. మూత్రం ఆగినా, మూర్ఛ మందు తప్పినా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయమనండి.