ఫిట్‌నెస్ తనిఖీకి ముందు పాత ఎస్‌యూవీ: లక్షణం, కారణం, మరమ్మతు

సొంత వాడకపు కారు ఆర్సీ మొదటి 15 ఏళ్లకే చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని ఫిట్‌నెస్ తనిఖీకి చూపిస్తే మరో 5 ఏళ్లు పొడిగిస్తారు. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరమ్మతులు మాత్రం అంతకన్నా ముందే మొదలుపెట్టడం మంచిది. అనంతపురం చుట్టుపక్కల తిరిగే సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీని దుమ్ము, బోరు నీరు, ఎండ దెబ్బతీస్తాయి. నెలల తరబడి నిలబెట్టేయడం వాటికి తోడవుతుంది. కాబట్టి ఖరీదైన భాగం మార్చమని షెడ్డులో చెప్పినప్పుడు, ముందు ఈ చవక కారణాలు చూశారా అని అడగండి.

యాక్సిలరేటర్ తొక్కితే నల్ల పొగ

పొల్యూషన్ పరీక్షలో డీజిల్ ఇంజనును బాగా వేడెక్కించి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పొగ కొలుస్తారు. ఆ పొగ కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె బీఎస్-4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో నాలుగోది) బండికి 1.62, అంతకు ముందు తరం బండ్లకు 2.45 దాటకూడదు.

నల్ల పొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని అర్థం. అందుకే మొదట ఎయిర్ ఫిల్టర్ తీసి చూడాలి. తాడిపత్రి నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల వైపో, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల వైపో రోజూ తిరిగే బండికి కంపెనీ పుస్తకంలోని కిలోమీటర్ల లెక్క సరిపోదు. ఫిల్టర్‌కు గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. అసలు కొత్తది వేయడమే మేలు, అదేమంత పెద్ద ఖర్చు కాదు.

ఫిల్టర్ బాగుంటే టర్బో (ఇంజనులోకి గాలిని నొక్కి పంపేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్లే రబ్బరు గొట్టాలు తడిమి చూడండి. ఎండకు పగుళ్లు వస్తాయి, క్లిప్పులు వదులవుతాయి. పికప్ తగ్గి, బుస్సుమన్న శబ్దం వస్తుంటే చాలావరకు అక్కడే. ఆ తర్వాత ఈజీఆర్ వాల్వులో (పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపేది) మసి, అన్నిటికన్నా చివర ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి) చూడాలి. పొగ తగ్గించే మందు అంటూ అమ్మే సీసాలు చిరిగిన గొట్టాన్ని అతికించలేవు.

పొగ నీలంగా ఉంటే ఇంజను ఆయిల్ కాలుతోంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజను హెడ్ కింద ఉండే సీలు) అనుమానించాలి. ఇవి రెండూ పెద్ద పనులే, ముందే లెక్క వేసుకోండి. ఇంకో మాట: ఇంజను వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియని బండిని ఈ పరీక్షకు తీసుకెళ్లకండి. ఆ రేసులో బెల్టు తెగితే వాల్వులు వంగే ప్రమాదం ఉంది.

బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం

ముందుగా రెండు పక్కలా టైర్ల గాలి సమానంగా ఉందో చూడండి. ఉన్నా లాగుతుంటే కొద్ది దూరం నడిపి, ముందు చక్రాల వేడిని చేయి దగ్గర పెట్టి పోల్చండి, డిస్కును తాకకుండా. ఒకటి బాగా కాలుతుంటే అక్కడ కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్ను దుమ్ముతో బిగుసుకుపోయి, ప్యాడ్ వదలడం లేదు. పిన్ను తీసి శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజు పూస్తే చాలాసార్లు సరిపోతుంది. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు బూట్లు ఉబ్బి మళ్లీ పట్టేస్తాయి. పిన్నులు బాగున్నా అదే లక్షణం ఉంటే, పాతబడిన బ్రేకు గొట్టం లోపల వాచి ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదేమో చూడాలి. పైకి అది కొత్తదానిలాగే కనిపిస్తుంది, మెకానిక్‌లు ఎక్కువగా వదిలేసేది దీన్నే.

వరుసగా నొక్కుతుంటే పెడల్ మెత్తబడుతోందా? బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చాలి. హ్యాండ్ బ్రేకు పట్టకపోతే వెనుక డ్రమ్ములు విప్పి, దుమ్ము తుడిచి, అడ్జస్టర్ సరిచేయాలి. కేబుల్ బిగించడం అందరికీ మొదట తోచే పని. కానీ అది చివరగా చేయాల్సినది.

స్టీరింగ్‌లో ఆట, గుంతల్లో టకటక శబ్దం

ఆట అంటే ముందు చక్రాలు తిరగకుండా స్టీరింగ్ మాత్రమే ఊరికే కదిలే ఖాళీ. చట్టం ప్రకారం స్టీరింగ్ చక్రం దగ్గర అది 30 డిగ్రీలు దాటకూడదు. మామూలు చక్రం అంచున అది దాదాపు 10 సెంటీమీటర్లు. అంతవరకు వచ్చిందంటే చాలా ఆలస్యం చేసినట్టే.

ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండ్ పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే వీల్ బేరింగ్ లేదా బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు) అరిగినట్టు. లోపల ఒకరిని బ్రేకు నొక్కమనండి. ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపితేనే కదిలితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీలు). దేనిలోనూ ఆట లేకపోయినా శబ్దం వస్తుంటే స్టెబిలైజర్ లింకులు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని పట్టుకునేవి), రబ్బరు బుష్‌లు చూడాలి. ఏ భాగం మార్చినా తర్వాత అలైన్‌మెంట్ తప్పదు, లేకుంటే కొత్త టైర్లు ఒక అంచున అరిగిపోతాయి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే తిరస్కరిస్తారు.

తనిఖీ వరుసలో నిలబడగానే వేడి ముల్లు పైకి

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసిన బండ్లలో ఇది మామూలే. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొర లాంటిదే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. లోపల ఫ్లష్ చేయించి, శుద్ధి చేసిన నీటితో కలిపిన కూలెంట్ నింపాలి. బయట రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మును ఇంజను వైపు నుంచి నీటితో కడగాలి. రోడ్డు మీద బాగుండి, ఆగినప్పుడే వేడెక్కితే రేడియేటర్ ఫ్యాన్‌ను ఇంజనుతో తిప్పే కప్లింగ్ బలహీనపడి ఉండవచ్చు.

లైట్లు, అదనపు హంగులు

పసుపెక్కిన హెడ్‌లైట్ అద్దాన్ని పాలిష్ చేయించండి. మామూలు బల్బు కోసం చేసిన లైట్లో ఎల్‌ఈడీ బిగిస్తే వెలుగు చెదిరిపోతుంది, పాత రకం బల్బే వేయండి. బుల్ బార్, నల్ల ఫిల్మ్, రకరకాల స్వరాల హారన్ తీసేసి వెళ్లండి. వాటి గురించి వాదించి లాభం లేదు.

కాగితాలతో సరిపోలని చాసిస్ నంబరు

బండి ఎంత బాగున్నా ఫ్రేమ్ మీద చెక్కిన చాసిస్ నంబరు చదివి కాగితాలతో పోల్చడానికి రాకపోతే పని ఆగుతుంది. నంబరు మీద పేరుకున్న రేగడి మట్టిని కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. గ్రైండరు, ఆకురాయి తగలనివ్వవద్దు. చెన్నై లాంటి తీరపు ఊళ్లలో తిరిగిన బండి అయితే కొనే ముందే ఫ్రేమ్ తుప్పును సుత్తితో తట్టి చూసుకోవాలి. బెంగళూరు నుంచి కొని తెచ్చిన బండికి అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకోకూడదు. అక్కడి చలానాలు, తీరని లోను ఉంటే ఎన్‌ఓసీ దగ్గరే చిక్కు వస్తుంది కాబట్టి, అమ్మిన మనిషి ఫోను ఎత్తుతున్నప్పుడే అవి తేల్చుకోండి.