కొత్త కారు బేరానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

- ఒకే మోడల్, ఒకే వేరియంట్‌కు ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర కొటేషన్ కాగితం మీద తీసుకోండి. నోటిమాట డిస్కౌంట్ బిల్లు దగ్గరికొచ్చేసరికి మాయమవుతుంది.

- కొటేషన్‌లో ఒక్కో లైనూ చదవండి. పన్నుల మీద గొడవపడి లాభం లేదు. ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, అర్థంకాని 'హ్యాండ్లింగ్ చార్జీలు'... బేరమంతా ఇక్కడే. ఇన్సూరెన్స్ బయట ఎంతవుతుందో ముందే కనుక్కోండి. ఉచితమంటూ అంటగట్టే సీట్ కవర్ల కన్నా ఆ మేరకు ధర తగ్గించమనడమే మేలు.

- "నెలకు ఎంత కట్టగలరు?" అంటే జవాబివ్వకండి. వాయిదా చిన్నదిగానే కనిపిస్తుంది, గడువు పెరిగి వడ్డీ తడిసి మోపెడవుతుంది. ముందు కారు ధర తేలాలి, లోన్ తర్వాత.

- పాత కారు ఎక్స్‌చేంజ్ లెక్క కొత్త కారు ధరతో కలపకుండా విడిగా తేల్చుకోండి.

- తయారైన నెల, సంవత్సరం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. నిరుటి బండైతే ఇంకా తగ్గించమని గట్టిగా అడగొచ్చు.

- రంగు చూసి పిల్లలు మురిసిపోతుంటే కాసేపు బయటికి పంపండి. సేల్స్‌మన్ వాళ్ల మొహాలే చూస్తుంటాడు!