ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పడానికి ఆడాసిటీ

ఇంగ్లిష్ చెప్పే టీచర్లు ఒకసారి ఆడాసిటీ వాడి చూడండి. కంప్యూటర్‌లో గొంతు రికార్డు చేసి, సరిచేసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం. ఇన్‌స్టాల్ చేశాక నెట్ అక్కర్లేదు. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది.

మన పిల్లలు చాలామంది హల్లుతో ఆగాల్సిన మాట చివర అచ్చు చేరుస్తారు: బస్ అనాల్సిన చోట ‘బస్సు’, బుక్ అనాల్సిన చోట ‘బుక్కు’. తెలుగు అలవాటే అది, పిల్లల్ని కసరకండి. ముందు మీ గొంతుతో ‘బస్’ రికార్డు చేయండి. తర్వాత షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే కింద కొత్త ట్రాక్ మొదలవుతుంది, అందులో పిల్లల చేత చెప్పించండి. రెండోది రికార్డవుతున్నప్పుడు మొదటిది కూడా వినిపిస్తుంది కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, లేకపోతే మీ గొంతు కూడా మైకులోకి వచ్చేస్తుంది. రికార్డయిన శబ్దం తెరమీద అలల బొమ్మలా కనిపిస్తుంది, ఇప్పుడు దాన్ని జూమ్ చేయండి. మీ ట్రాక్‌లో ‘స్’ గరగరలాడే సన్నటి పట్టీలా వచ్చి ఆగిపోతుంది. వాళ్లదాంట్లో దాని వెనక ఇంకో ఉబ్బు కనిపిస్తుంది. అదే ఆ ‘ఉ’. ఎంత చెప్పినా పట్టుకోలేని పిల్లలు కూడా బొమ్మ చూడగానే గుర్తుపడతారు.

లిజనింగ్ పాఠాలకైతే ఎఫెక్ట్ మెనూలో ‘ఛేంజ్ టెంపో’కి వెళ్లి మైనస్ 20 శాతం ఇవ్వండి. గొంతు మారకుండా వేగం తగ్గుతుంది. మరీ తగ్గించొద్దు, మాటలు సాగిపోతాయి.