మతాన్ని సోషియాలజీ కంటితో చదవడం, 4వ పాఠం: చీలిక దగ్గర ఆగండి

పోయిన పాఠంలో జర్మన్ సోషియాలజిస్టు మాక్స్ వెబర్ చెప్పిన మూడు రకాల అధికారం చూశాం: సంప్రదాయం, చట్టం, మనిషి ఆకర్షణ (కరిష్మా). ఇవాళ వాటిని ఒక చిన్న మతం మీద పెట్టి చూద్దాం. అది సాతానిజం. అనంతపురంలో మాతో కలిసి చదువుకునేవాళ్లలో ఒకరిద్దరు ఈ పేరు వినగానే చేతబడి, బలులు అని ఇబ్బంది పడ్డారు. ఆ భయాన్ని కొట్టిపారేయకండి, నోట్సులో రాసిపెట్టుకోండి. అది కూడా మన సబ్జెక్టే. 1980ల్లో అమెరికాలో ఇలాంటి భయమే ముదిరి, సాతాను పూజల్లో పిల్లల్ని హింసించారంటూ కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ వాళ్ల మీద పెట్టిన కేసు ఏళ్లతరబడి నడిచి, 1990లో ఒక్కరికీ శిక్ష పడకుండా ముగిసింది. జనం భయపడే సాతానిజం వేరు, సభ్యుల్ని చేర్చుకుని పదవులిచ్చి నడిచే సాతానిజం వేరు. మనకు కావాల్సింది రెండోది.

ఆంటన్ లవే 1966 ఏప్రిల్ 30న శాన్‌ఫ్రాన్సిస్కోలో చర్చ్ ఆఫ్ సేటన్ పెట్టాడు. ఇందులోవాళ్లు దేవుణ్ణీ నమ్మరు, సాతాను నిజంగా ఉన్నాడనీ నమ్మరు. ఎవరికీ లొంగకుండా బతకడానికి సాతాను వాళ్లకొక గుర్తు, అంతే. "దేవుడే లేకపోతే ఇది మతమెట్లా అవుతుంది?" అని చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. మూయకండి. మతానికి దేవుడు తప్పనిసరి అని ఫ్రెంచ్ సోషియాలజిస్టు డర్క్‌హైమ్ కూడా అనలేదు, పవిత్రమనుకునే వాటి చుట్టూ కలిసే సమూహాన్ని చూడమన్నాడు.

ఆ సమూహం ఎట్లా కట్టారో తెలియాలంటే అది పగిలిన చోటుకు పోవాలి. 1975లో మైకేల్ అక్వినో కొంతమందితో బయటికొచ్చి టెంపుల్ ఆఫ్ సెట్ పెట్టాడు. లవే డబ్బు తీసుకుని లోపలి హోదాలు ఇస్తున్నాడన్నది అతని అభ్యంతరం. పైగా కొత్త గుంపుకు సెట్ అనే పాతకాలపు ఈజిప్టు దేవుడు గుర్తు కాదు, నిజంగా ఉన్నవాడు. పరీక్షలో చాలామంది ఈ నమ్మకాల తేడా రాసి ఆపేస్తారు. నా లెక్కలో అసలు ప్రశ్న హోదా ఇచ్చే హక్కు ఎవరిదన్నది. బయటికి పోయినవాళ్లు కూడా మెట్లుమెట్లుగా ఉండే హోదాలనే పెట్టుకున్నారు చూడండి, అంటే గొడవ ఏర్పాటుతో కాదు, దాని మీద పెత్తనంతో.

1997లో లవే పోయాడు. సంస్థ పోలేదు. 2001లో పీటర్ గిల్మోర్ ప్రధాన పూజారి అయ్యాడు. మనిషి ఆకర్షణ పదవిగా మారడమని వెబర్ చెప్పింది ఇదే.

ఇక అమెరికాలోని సేలంలో కేంద్రం ఉన్న సటానిక్ టెంపుల్ వేరే సంస్థ, 2013 నుంచి జనానికి తెలిసింది. 2019లో అమెరికా పన్నుల శాఖ దీన్ని చర్చిగా గుర్తించింది, చర్చ్ ఆఫ్ సేటన్ మాత్రం వీళ్లు సాతానిస్టులే కాదంటుంది. ప్రభుత్వ గుర్తింపు, తోటివాళ్ల గుర్తింపు, రెండింటినీ వేర్వేరుగా రాసుకోండి.

ఇప్పుడు మీ వంతు. నార్పల దగ్గర గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండగ మీకు తెలిసిందే, హిందువులూ ముస్లింలూ కలిసే చేస్తారు. అక్కడ ఎవర్నీ "మీరు ఏమి నమ్ముతారు?" అని అడగొద్దు. పీర్లను ఎవరెత్తుతారు, గుండం ఎవరు వెలిగిస్తారు, ఆ హక్కు వాళ్లకు ఎట్లా వచ్చింది, ఎప్పుడైనా తగాదా వస్తే ఎవరి మాట చెల్లింది, ఇవే అడగండి. పెద్దవాళ్లను మర్యాదగా అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాయండి. ఒక పేజీ చాలు.