యాప్ డెవలపర్లకు పాయింట్లు పెట్టబోయే ముందు

నలుగురి కోసం ఉచితంగా యాప్‌లు రాసేవాళ్లకు పాయింట్లు, బ్యాడ్జీలు ఇవ్వాలనుకుంటున్నారా? మంచిదే. పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

• దేనికి పాయింటు ఇస్తే అదే పెరుగుతుంది. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఓపెన్ సోర్స్ (అందరికీ తెరిచిన కోడ్) ప్రాజెక్టులకు సాయం చేయమని ప్రోత్సహించే కార్యక్రమం హ్యాక్టోబర్‌ఫెస్ట్. 2020లో అక్కడ నాలుగు పుల్ రిక్వెస్టులకు (కోడ్‌లో మార్పు కలపమని పంపే వినతులకు) టీషర్టు అన్నారు. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం) ఫైల్లో ఒక మాట అటూ ఇటూ మార్చిన పనికిరాని రిక్వెస్టులు వెల్లువెత్తాయి. వాటన్నిటినీ మూసే చాకిరీ ప్రాజెక్టును చూసుకునే, జీతం లేని మెయింటెయినర్ల మీద పడింది. అక్టోబరు మొదటి వారంలోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. అందుకే పంపిన వాటిని కాకుండా, మెయింటెయినర్ ఆమోదించిన వాటినే లెక్కపెట్టండి.

• అనువాదం, టెస్టింగ్, బగ్ రిపోర్టుల పరిశీలన కూడా పనే. ఇవి మరిస్తే అన్యాయం.

• రోజుకో పరిమితి పెట్టండి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఓట్ల వల్ల రోజుకు 200 పాయింట్లకు మించి రావు. ఊరికే తీసిపారేయకుండా, అక్కడ జవాబుకు డౌన్‌ఓటు (బాగాలేదనే ఓటు) వేస్తే వేసినవాళ్లకూ ఒక పాయింటు పోతుంది.

• రోజూ హాజరు వేయించే 'స్ట్రీక్' వద్దు. కోడ్ దాచుకుని పంచుకునే సైటు గిట్‌హబ్ దాన్ని 2016లోనే తీసేసింది.

• పాయింట్లు చూసి తాళాలు (కోడ్ మార్చి విడుదల చేసే అధికారం) అప్పగించకండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించిన ఖాతాయే దొంగదారి పెట్టిందని 2024 మార్చిలో బయటపడింది. రిలీజుకు ఇద్దరి ఆమోదం తప్పనిసరి చేయండి.

• పాయింట్లు కోసినప్పుడు కారణం రాయండి, అప్పీలును వేరొకరు చూడాలి.