కొత్త రైడింగ్ మోవర్‌కి ఏ ఆయిల్ పోయాలి? పొగ, వాసన, రంగును బట్టి తెలుసుకోవడం

కొత్తగా రైడింగ్ మోవర్, అంటే కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి, కొన్నవాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీ ఆయిల్ మంచిదని. నన్నడిగితే కంపెనీ పేరు ఆఖరి సంగతి. మీరు గడ్డి కోసేటప్పుడు బయట ఎంత వేడి ఉంటుందో చూసుకుని డబ్బా మీది అంకె ఎంచుకోవాలి. అంతకంటే ముందు చూడాల్సింది డిప్‌స్టిక్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల. ఆయిల్ సమస్య అని నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు రకం తేడా కాదు, కొలత తేడా.

ఆ కొలత చూడటంలోనూ చిన్న మెలిక ఉంది. బండి చదునైన నేల మీద ఉండాలి, ఇంజిన్ చల్లబడి ఉండాలి. కొన్ని ఇంజిన్లకు డిప్‌స్టిక్‌ను మూతతో సహా పూర్తిగా బిగించి, తీసి చూడాలి. కొన్నింటికి బిగించకుండా అంచు మీద ఆనించి చూస్తే చాలు. మీది ఏ రకమో మాన్యువల్లో ఉంటుంది. నా మొదటి మోవర్ బిగించి చూడాల్సిన రకం. నేను పైన ఆనించి చూశాను. పుల్ల అంత లోతుకి దిగదు కాబట్టి ఆయిల్ తక్కువ ఉన్నట్టు కనిపించింది. పావు లీటరు పైనే పోశాను. మర్నాడు పెరడంతా పొగ.

స్టార్ట్ చేయగానే నీలి పొగ

నీలి పొగంటే ఆయిల్ కాలుతోందని అర్థం. బండి కొత్తదైతే ముందు అనుమానించాల్సింది ఎక్కువ పోయడాన్నే. ఎక్కువైన ఆయిల్‌ను ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, అది ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి, అక్కణ్ణుంచి సిలిండర్‌లోకి వెళ్తుంది. డిప్‌స్టిక్ గొట్టంలోంచి సిరంజితోనో చిన్న పంపుతోనో ఎక్కువైనదాన్ని లాగేయండి. కాగితం ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిస్తే కడగడం కుదరదు, మార్చాల్సిందే. ఆ తర్వాత కూడా సైలెన్సర్లో మిగిలిన ఆయిల్ కాలిపోయేదాకా కాసేపు పొగ వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. బ్లేడు శుభ్రం చేయడానికి బండిని పక్కకి వంచినా ఇదే పొగ వస్తుంది.

పోయకుండానే ఆయిల్ పెరిగింది, పెట్రోల్ వాసన

ఇలా కనిపిస్తే స్టార్ట్ చేయొద్దు. కార్బురేటర్లో పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ సరిగా మూసుకోక, పెట్రోల్ మెల్లగా ఇంజిన్‌లోకి కారుతోందన్నమాట. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. పెట్రోల్ వాల్వ్ కట్టేసి, కార్బురేటర్ బాగు చేయించి, ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్చాలి. ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి.

లీకు లేదు, పొగ లేదు, అయినా ఎండాకాలంలో ఆయిల్ తగ్గుతోంది

అసలు అంకెల సంగతి వచ్చేది ఇక్కడే. మోవర్ ఇంజిన్‌కు సాధారణంగా కారులోలాగా రేడియేటర్ ఉండదు. గాలితోనే చల్లబడాలి, అదీ దుమ్ములో, గడ్డిపొట్టులో. అందుకే దాని ఆయిల్ కారు ఆయిల్ కంటే ఎక్కువ వేడిని తట్టుకోవాల్సి వస్తుంది.

డబ్బాల మీద ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే అంకెల్లో 10డబ్ల్యూ-30, ఎస్‌ఏఈ 30 రెండూ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు ఒకే చిక్కదనంలో ఉంటాయి. తేడా చలిలో తెలుస్తుంది. డబ్ల్యూ అంటే వింటర్, దాని ముందున్న అంకె తగ్గేకొద్దీ ఆయిల్ చలిలో తేలిగ్గా పారుతుంది. అలా పారాలంటే 10డబ్ల్యూ-30లో పల్చటి మూల నూనె వాడి, వేడిలో చిక్కదనం నిలవడానికి పాలిమర్లు కలుపుతారు. బాగా వేడెక్కిన ఇంజిన్లో ఆ పల్చటి నూనె ఆవిరవుతుంది, పాలిమర్లు నలిగి తెగుతాయి. 27 డిగ్రీలు దాటిన వాతావరణంలో 10డబ్ల్యూ-30 వాడితే ఆయిల్ ఎక్కువ ఖర్చు కావచ్చని మోవర్ ఇంజిన్లు చేసే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ మాన్యువళ్లలోనే ఉంటుంది.

కాబట్టి వేడి రోజుల్లోనే కోసేవాళ్లకి మామూలు ఎస్‌ఏఈ 30 చక్కగా సరిపోతుంది. చలీ వేడీ రెండూ ఉంటే, మాన్యువల్ ఒప్పుకున్న చోట 5డబ్ల్యూ-30 సింథటిక్ నయం. డబ్బా మీద ఆయిల్ నాణ్యత స్థాయిని చెప్పే ఏపీఐ గుర్తులో ఎస్‌జే లేదా ఆ తర్వాతి అక్షరాలున్నాయో లేదో చూడండి. కారుకి పోయగా మిగిలిన 0డబ్ల్యూ-20 ఇందులో పోయకండి, అది ఈ వేడికి మరీ పల్చన. టూ-స్ట్రోక్ ఆయిల్ సంగతి అసలే వద్దు, అది పెట్రోల్లో కలిపి కాల్చేయడానికి చేసింది.

అంకె మార్చినా తగ్గుతూనే ఉంటే పై కవరు విప్పి సిలిండర్ చుట్టూ వేడిని గాలికి వదిలే రెక్కలు చూడండి. మధ్యలో గడ్డిపొట్టు దిట్టంగా పట్టేసి గాలి ఆడకపోతే ఏ ఆయిలూ నిలవదు.

చలి ఉదయాన స్టార్టర్ మూలుగుతూ తిరుగుతోంది

ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. అవి బాగుంటే, ఎస్‌ఏఈ 30 గడ్డకట్టినట్టు అయిందన్నమాట. సుమారు 4 డిగ్రీల కిందికి పడితే దానితో స్టార్ట్ కావడం కష్టం. 5డబ్ల్యూ-30కి మారండి.

మొదటిసారి తీసిన ఆయిల్లో తళుకు

కొత్త ఇంజిన్లో భాగాలు ఒకదానికొకటి రాసుకుని సర్దుకునేటప్పుడు సన్నటి లోహపు పొడి రాలుతుంది. మామూలే. అందుకే చాలా ఇంజిన్లకు మొదటి 5 నుంచి 8 గంటల పనికే ఆయిల్ మార్చమంటారు, తర్వాత మోడల్ను బట్టి 50 లేదా 100 గంటలకోసారి, గంటలు నిండకపోయినా ఏడాదికోసారి. పొడి కాకుండా వేలికి తగిలే ముక్కలు కనిపిస్తే ఆ ఆయిల్‌ను పారబోయకుండా డబ్బాలో పట్టి, వారంటీ ఇచ్చినవాళ్లకి చూపించండి.

మార్చేటప్పుడు ఒక సిలిండర్ ఇంజిన్‌కు దాదాపు 1.4 లీటర్లు, రెండు సిలిండర్లదానికి 1.9 లీటర్లు పడుతుంది. మొత్తం ఒకేసారి పోసేయొద్దు. ముప్పావు వంతు పోసి, రెండు నిమిషాలాగి, డిప్‌స్టిక్ చూసుకుంటూ మిగతాది పోయండి.

ఆయిల్ పాల రంగులోకి మారింది

నీళ్లు కలిశాయి. ప్రెషర్ వాషర్‌తో ఇంజిన్ మీద కొట్టినా, రోజూ ఐదు నిమిషాలు నడిపి ఆపేసినా ఇలా అవుతుంది. మార్చేయండి, ఇకపై ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి.

ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు

ఇంజిన్ గట్టిగానే తిరుగుతున్నా చక్రాలు కదలకపోతే, అది ఇంజిన్ ఆయిల్ సమస్య కాదు. బెల్టు వదులై ఉండొచ్చు, లేదా ఆయిల్ ఒత్తిడితో చక్రాలను తిప్పే హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్‌లో గాలి చేరి ఉండొచ్చు. ఆ గేర్‌బాక్స్‌కి ఆయిల్ వేరు, కొన్నింటికి 20డబ్ల్యూ-50. కొన్నింటికి అసలు మూతే ఉండదు, సీలు చేసి వస్తాయి. కాబట్టి మాన్యువల్లో ఆ పేజీ చూడకుండా దాని జోలికి పోకండి.