కాలు తిమ్మిరెక్కితే, పిక్క పట్టేస్తే, లేవగానే కళ్ళు బైర్లు కమ్మితే

తెలుగులో శరీరధర్మశాస్త్రం చదివే విద్యార్థికి మొదటి చిక్కు మాటల దగ్గరే వస్తుంది. ముంజేతి మీద నీలంగా ఉబ్బి కనిపించే సిరనూ ‘నరం’ అంటాము, మెదడు సంకేతాలను మోసే నాడినీ ‘నరం’ అనే అంటాము. ఇక ‘నాడి చూడటం’ అంటే మణికట్టు దగ్గర ధమని కొట్టుకోవడాన్ని చూడటం. అందుకే కింది ఇబ్బందుల్లో తప్పు ఒకదానిదైతే నింద మరొకదాని మీద పడుతూ ఉంటుంది.

సమస్య: బాసింపట్టు వేసుకుని చదువుతుంటే కాలు తిమ్మిరెక్కడం

‘రక్తం ఆగిపోయింది’ అనేస్తారు. తిమ్మిరెక్కిన కాలి లోపలి చీలమండ వెనుక రెండు వేళ్ళు ఆనించి చూడండి. అక్కడి ధమని సాధారణంగా కొట్టుకుంటూనే ఉంటుంది. నలిగినది నాడి. మోకాలికి కాస్త కింద, బయటివైపు చేతికి తగిలే బొడిపె ఫిబ్యులా ఎముక తల; దాని కిందుగా, చర్మానికి అతి దగ్గరగా, పెరోనియల్ నాడి ఎముకను చుట్టుకుని ముందుకు వస్తుంది. చాలాసేపు ఒకే తీరున కూర్చున్నప్పుడు ఈ నాడీ, దీన్ని పోషించే సన్నని రక్తనాళాలూ నొక్కుకుపోవడంతో సంకేతాలు సాగక పాదం మొద్దుబారుతుంది. ఒత్తిడి తొలగగానే నాడీతంతువులు కొంతసేపు వాటంతటవే, ఒక క్రమం లేకుండా సంకేతాలు పంపుతాయి. సూదులతో గుచ్చినట్టు, చీమలు పాకినట్టు అనిపించేది అందువల్లనే.

పరిష్కారం కాలు చాపి, స్పర్శ తిరిగి వచ్చేదాకా ఆగడమే. వెంటనే లేచి నడవకూడదు, ఎందుకంటే పాదాన్ని పైకెత్తే కండరాలకు ఆదేశాలు అందించేది ఈ నాడే కాబట్టి, అది కోలుకోకముందే అడుగు వేస్తే పాదం మెలికపడి చీలమండ బెణుకుతుంది. గంటలు గడిచినా పాదం పైకి లేవకపోతే వైద్యుడికి చూపించాలి.

సమస్య: నిద్రలో పిక్క పట్టేయడం

‘నరం మీద నరం ఎక్కింది’ అన్న మాట వినని తెలుగువారు ఉండరేమో. నిజానికి అక్కడ ఏదీ దేని మీదా ఎక్కదు. వెన్నుపాము నుంచి పిక్క కండరానికి ఆదేశాలు ఆగకుండా వస్తుండటంతో అది బిగుసుకుని, సడలలేక రాయిలా గట్టిపడుతుంది. మోకాలు నిటారుగా ఉంచి, పాదం వేళ్ళను ముఖం వైపు లాగి పట్టుకోవాలి. కండరం సాగినప్పుడు దాని స్నాయువులో, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలో, బిగువును పసిగట్టే గ్రాహకాలు వెన్నుపాముకు సమాచారం పంపి బిగువును తగ్గిస్తాయి. మోకాలు ముడిచి లాగితే ఫలితం సగమే, ఎందుకంటే పిక్కలోని పెద్ద కండరం మోకాలికి పైన, తొడ ఎముక చివర మొదలవుతుంది.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పి తగ్గకుండా ఉంటే మాత్రం అది పట్టేయడం కాకపోవచ్చు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కనుక, పిసకకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇక్కడ తప్పు ‘నరానిదే’, కాకపోతే ఆ మాటకున్న ‘సిర’ అనే అర్థంలో.

సమస్య: లేవగానే కళ్ళు బైర్లు కమ్మడం

దీనికి నీరసాన్నో, రక్తం తక్కువ కావడాన్నో కారణంగా చెబుతారు. రక్తహీనతలోనూ కళ్ళు తిరగవచ్చు గానీ, లేచిన ఆ క్షణంలో మాత్రమే ఇలా జరిగితే ముందుగా అనుమానించవలసినది రక్తం చేరిన చోటును. నిలబడగానే సుమారు అర లీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రక్తం కాళ్ళలోకి, పొత్తికడుపులోకి దిగుతుంది. మెడలోని కరోటిడ్ ధమని దగ్గరా బృహద్ధమని వంపులోనూ ఉన్న పీడన గ్రాహకాలు దీన్ని పసిగట్టి, మెదడు ద్వారా గుండె వేగాన్ని పెంచి రక్తనాళాలను బిగిస్తాయి. ఈ సర్దుబాటు ఆలస్యమైన కొద్ది సెకన్లే మనకు చీకటిగా తోస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆలస్యం మరీ ఎక్కువ.

పడుకున్నవారు ముందు కూర్చుని, మడమలను నాలుగైదుసార్లు ఎత్తి దించి, ఆ తరువాతే లేవాలి. పిక్క కండరాలు సిరలను పిండి రక్తాన్ని పైకి పంపుతాయి, సిరల్లోని కవాటాలు దాన్ని మళ్ళీ కిందికి జారనివ్వవు. తరచూ ఇలా అవుతుంటే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన 3 నిమిషాలలోపు మరొకసారి బీపీ చూపించుకోవాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకుమించి గానీ పడిపోతే, వాడుతున్న మందులతో సహా కారణమేమిటో వైద్యుడే తేల్చాలి.